కోనసీమ తీర పంచాయతీల్లో నేల, నీరు, భూ వినియోగ ప్రణాళిక: తరచుగా అడిగే ప్రశ్నలు

గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మధ్య, సముద్రానికి ఆనుకొని ఉన్న ఊళ్ల కోసం రాసిన పేజీ ఇది. సర్పంచులు, వార్డు సభ్యులు, పంచాయతీ కార్యదర్శులు, సాగునీటి సంఘాల వాళ్లు, రైతులు ఎక్కువగా అడిగే ప్రశ్నలనే తీసుకున్నాం. కృష్ణా డెల్టా చివరి ఊళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది. మెట్ట ప్రాంతాలకు పనికిరాదు.

భూ వినియోగ ప్రణాళిక అంటే లేఔట్ ప్లానే కదా?

కాదు. లేఔట్ అనేది ఒక సర్వే నంబరును ప్లాట్లుగా కోయడం. ఊరి మొత్తం భూమిలో ఏది చేనుగా ఉండాలి, ఏది తోటగా ఉండాలి, చెరువులు ఎక్కడికి ఆగిపోవాలి, ఇళ్లు ఎటు పెరగాలి, ఏ జాగా ఖాళీగానే ఉండాలి అన్నది ముందే తేల్చుకొని మ్యాపు మీద గీసుకోవడమే భూ వినియోగ ప్రణాళిక. గ్రామీణ ప్రాంతాల ప్రణాళికల కోసం కేంద్ర పంచాయతీరాజ్ శాఖ విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో భూమి అభివృద్ధి, నేల సంరక్షణ, చిన్న తరహా సాగునీరు పంచాయతీల అంశాలుగానే ఉన్నాయి. కాబట్టి ‘ఇది మన పని కాదు’ అనుకోవద్దు.

డెల్టాలో ఈ పని మెట్ట ఊరి పనిలా ఉండదు. ఇక్కడ భూమి మట్టంలో అడుగు తేడా చాలు, ఒకటి మెరక అవుతుంది, పక్కది పల్లం అవుతుంది. అందుకే ఈ పేజీ అంతటా ఒకే మాట చెబుతాం: నీరు బయటికి పోయే దారి ముందు గీయండి, మిగతా గీతలన్నీ దాని తర్వాత.

సరే, మొదటి రోజు ఏం చేయాలి?

గ్రామ సర్వేయరు దగ్గర గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ స్కెచ్‌లు (ఒక్కో సర్వే నంబరు కొలతల పటాలు) తీసుకోండి. పెద్ద సైజులో రెండు ప్రతులు తీయించండి. ఒకటి పాడు చేసుకోవడానికి, ఒకటి చివరికి. వీఆర్వో దగ్గర ఉన్న రికార్డుల నుంచి కాలువ, బోదె, డ్రెయిన్, పుంత, చెరువు, శ్మశానం పోరంబోకుల సర్వే నంబర్లు, విస్తీర్ణం రాసుకోండి. నిషేధిత భూముల జాబితా, అంటే 22-ఎ జాబితా కూడా ఆ రోజే తీసుకోండి.

తర్వాత రంగు పెన్సిళ్లు. పంట కాలువ, పిల్ల కాలువ, బోదెలు నీలంలో, మురుగు కోడు, డ్రెయిన్లు ఎరుపులో గీయండి. ప్రతి తూము దగ్గర ఒక చుక్క, నీరు ఏ వైపు పోతుందో ఒక బాణం గుర్తు. ఈ పని ఆఫీసులో కూర్చుని చేస్తే తప్పులే వస్తాయి. వాన పడిన మర్నాడు గట్ల మీద నడుస్తూ చేయాలి. రికార్డులో 12 మీటర్లున్న డ్రెయిన్ నేల మీద 5 మీటర్లే ఉంటుంది, మిగతా దాంట్లో కొబ్బరి చెట్లో పశువుల పాకో కనిపిస్తాయి. ఆ తేడాను అక్కడికక్కడే రాయండి.

ఆ తర్వాత మట్టాలు. ఆటో లెవెల్‌తో ఇంజినీరింగ్ అసిస్టెంటు రెండు మూడు రోజుల్లో ప్రధాన మట్టాలు తీయగలరు. బడి మెట్టో, వంతెన పారాపెట్టో, కదలని ఒక రాతి గుర్తును ఆధారంగా పెట్టుకోండి. అక్కడి నుంచి పొలాల్లో వంద మీటర్లకు ఒక పాయింటు, ప్రతి తూము అడుగు, ప్రతి డ్రెయిన్ అడుగు, ప్రతి రోడ్డు పైభాగం. 25 సెంటీమీటర్లకు ఒక గీత చొప్పున మట్టం గీతలు కలిపితే ఊరి అసలు రూపం బయటపడుతుంది.

చివరగా పాత ముంపు గుర్తులు. 1996 నవంబరు 6 తుపానుకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ చెయ్యి ఉన్న చోట సున్నంతో గీత కొట్టి, దాని మట్టం కూడా తీయండి. రాబోయే ఇళ్ల పునాదులకు అదే కొలబద్ద.

మా డ్రెయిన్ ఎంత నీరు మోయాలో ఎలా లెక్కకట్టాలి?

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరానికి సుమారు 405 ఘనపు మీటర్లు, అంటే నాలుగు లక్షల లీటర్లు. డ్రెయిన్ పరిధిలో 500 ఎకరాలుంటే రెండు లక్షల ఘనపు మీటర్లు పైనే. ఊడ్చిన చేను మూడు రోజులకు మించి మునిగితే దెబ్బ తింటుంది కాబట్టి దీన్ని మూడు రోజుల్లో బయటికి పంపాలి.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. మూడు రోజులంటే 72 గంటలు కాదు. తీరంలో రోజుకు రెండు సార్లు పోటు వస్తుంది. పోటు మీద ఉన్నంతసేపు డ్రెయిన్ బయటికి పారదు. అంటే చేతిలో ఉన్నవి 36 గంటలే. లెక్క వేస్తే సెకనుకు 1.56 ఘనపు మీటర్లు, అంటే 55 క్యూసెక్కులు. నీరు సెకనుకు 0.4 మీటర్ల వేగంతో పారితే డ్రెయిన్‌లో నీటి కోత దాదాపు నాలుగు చదరపు మీటర్లు ఉండాలి: మీటరు లోతు, సగటున నాలుగు మీటర్ల వెడల్పు. గుర్రపుడెక్క, తూడు కమ్ముకుంటే వేగం సగానికి పడిపోతుంది. అప్పుడు అదే డ్రెయిన్‌కు ఆరు రోజులు పడుతుంది. కొలతల ప్రకారం డ్రెయిన్ సరిపోయినా చేను మునిగిందంటే కారణం ఇదే. అందుకే పూడిక తీత కన్నా ముందు కలుపు తీత. ఏటా కాలువలు కట్టేసిన రోజుల్లో ఒకసారి, అక్టోబరు వానలకు ముందు మరోసారి. తీసిన డెక్కను గట్టు అంచున పెడితే మొదటి వానకే మళ్లీ లోపల పడుతుంది. గట్టు దాటించి పోయాలి.

తూముల సంగతి కూడా చూడండి. ఒకే వాలులో రెండు అడుగుల వ్యాసమున్న పైపు, అడుగు వ్యాసమున్న పైపు కన్నా ఆరు రెట్లు నీరు పంపుతుంది. రెట్టింపు కాదు. రోడ్డు వేసే కాంట్రాక్టరు అడుగు పైపు వేసి ‘తూము వేశాం’ అంటే ఒప్పుకోవద్దు. పైపు అడుగుభాగం డ్రెయిన్ అడుగుభాగం మట్టంలో ఉందో లేదో సిమెంటు పోయకముందే లెవెల్ పెట్టి చూడండి. అరడుగు పైన పెట్టిన పైపు వల్ల వెనకున్న పొలమంతా ఏడాది పొడవునా అరడుగు నీళ్లలో నానుతుంది.

2011లో కోనసీమ రైతులు సార్వాకు (ఖరీఫ్‌కు) పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర, కూలీలతో పాటు మురుగు పారుదల లేకపోవడం కూడా అప్పటి వాదనల్లో ముందున్న విషయం. ఊరి ప్రణాళికలో డ్రెయిన్‌కు మొదటి పేజీ ఇవ్వాలనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

డ్రెయిన్ మొగ (సముద్రంలో కలిసే చోటు) లోతుగా తవ్విస్తే ముంపు పోతుందా?

ముంపు తగ్గుతుంది, ఉప్పు వస్తుంది. రెండూ కలిపి ఆలోచించకపోతే ఒక నష్టం పోయి ఇంకొకటి వస్తుంది. మొగ దగ్గర ఇసుక మేట ఉన్నప్పుడు వాన నీరు బయటికి పోదు. ఆ మేట పూర్తిగా తీసేస్తే ప్రతి పోటుకూ సముద్రపు నీరు డ్రెయిన్‌లో పైపైకి వస్తుంది. శంకరగుప్తం మేజర్ డ్రెయిన్ వెంట కొబ్బరి తోటలు ఎలా మోడువారాయో చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మొవ్వు వంగి, మట్టలు పసుపెక్కి, తలలు రాలిపోయి చెట్టు మాను మాత్రమే నిలబడుతుంది. కొబ్బరి కొంత ఉప్పు తట్టుకుంటుంది, కానీ వేళ్ల దగ్గర ఉప్పునీరు నిలిచి ఉంటే తట్టుకోదు.

చేయాల్సింది మొగ తవ్వకంతో పాటు పోటుకు తనంతట మూసుకొని, ఆటుకు తెరుచుకునే తలుపులు, గట్ల బలోపేతం. తలుపులు పెట్టాక చెడేది కూడా తెలుసుకోండి. డెక్క, కొబ్బరి దుంగ ఇరుక్కుని తలుపు సందు తెరిచి ఉండిపోతుంది. కీళ్లు తుప్పు పడతాయి. చేపల కోసమో, చెరువుకు ఉప్పునీరు తోడుకోవడానికో రాత్రి పూట ఎవరో కర్ర అడ్డం పెడతారు. కాబట్టి తలుపుకు ఒక మనిషి, ఆ మనిషికి నెల జీతం ప్రణాళికలో రాయాలి. లేకపోతే రెండేళ్లలో అది పాత ఇనుమే.

నేల ఉప్పు పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎండాకాలంలో గట్ల మీద, మడి మధ్యలో మెరక చోట తెల్లని పొర కడితే ఉప్పు. పొర నల్లగా, నూనె జిడ్డులా ఉండి నేల చెప్పుకు అతుక్కుంటే చౌడు. కంటికి కనిపించేసరికే ఆలస్యమైందని అర్థం, కాబట్టి పరీక్ష చేయించండి.

మట్టి తీయడానికి సరైన సమయం మే నెల, కాలువకు నీళ్లు వదలకముందు. ఆగస్టులో తీస్తే నీళ్లు ఉప్పును కిందికి దించేసి ఉంటాయి, పరీక్ష ఫలితాల చీటీలో అంతా బాగానే కనబడుతుంది. ఒక కమతంలో వంకరటింకరగా నడుస్తూ పది పన్నెండు చోట్ల ఆంగ్ల ‘వి’ ఆకారంలో గుంట తీసి, గోడ నుంచి అంగుళం మందం పొర పైనుంచి కిందికి గీకాలి. గట్టు పక్కన, పెంట కుప్ప పోసిన చోట, చెట్టు నీడన తీయొద్దు. ఉప్పు పరీక్షకు మూడు లోతులు విడివిడిగా తీయాలి: 0–15, 15–30, 30–60 సెంటీమీటర్లు. కింది పొరలో ఉప్పు ఎక్కువుంటే అది ఊట నుంచి పైకి వస్తోంది. పై పొరలో ఎక్కువుంటే పెట్టిన నీటితోనో పక్క చెరువు నుంచో వచ్చింది. వైద్యం రెండింటికీ వేరు.

చీటీ చదివేటప్పుడు ఒక జాగ్రత్త. మన ల్యాబుల్లో ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్ల నీరు కలిపి ఈసీ (ఉప్పు ఎంతుందో తెలిపే విద్యుత్ వాహకత) తీస్తారు. పంటల పట్టికల్లో ఉండే అంకెలు సంతృప్త ముద్ద సారం (మట్టిని నీటితో ముద్ద చేసి, దాని నుంచి తీసిన నీరు) మీద తీసినవి. బరువు నేలల్లో రెండోది మొదటిదానికి సుమారు మూడు రెట్లు ఉంటుంది. పట్టిక ప్రకారం ఈసీ మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే ఉప్పు నేల. వరికి 3 దాటినప్పటి నుంచి ఒక్కో యూనిట్‌కు పన్నెండు శాతం చొప్పున దిగుబడి తగ్గుతుంది. అంటే 6 దగ్గర మూడో వంతు పైగా పోయినట్టే. చీటీలో ‘2’ చూసి ‘పర్లేదు’ అనుకునే రైతు మోసపోయేది ఇక్కడే.

జిప్సం చల్లితే సరిపోదా?

చౌడుకు పనిచేస్తుంది, అంటే ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటి సోడియం ఎక్కువున్న నేలకు. ఉత్త ఉప్పు నేలకు జిప్సం కాదు, మంచినీరూ మురుగు దారీ కావాలి. మడి కట్టి నీరు పెట్టి, రెండు మూడు రోజులు నిలిపి, మురుగు బోదెలోకి వదలాలి. మళ్లీ పెట్టాలి. ఒక అడుగు నేలలో ఉప్పు చాలా భాగం దిగాలంటే ఆ నేల గుండా అడుగు నీరు దిగాలి. మురుగు బోదె పొలం కన్నా కనీసం మూడడుగులు లోతు లేకపోతే దిగిన ఉప్పు ఎక్కడికీ పోదు, ఎండలు రాగానే మళ్లీ పైకి వస్తుంది.

రొయ్యల చెరువులు ఎక్కడ ఉండొచ్చు, ఎక్కడ ఉండకూడదు?

చట్టం ముందు. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత దేశంలో దీనికొక దారి ఏర్పడింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. సముద్రం, నది, క్రీకుల పోటు రేఖ నుంచి 2 కిలోమీటర్ల లోపు ఉప్పునీటి చెరువులన్నీ ఆ అథారిటీ దగ్గర నమోదు కావాలి. ఆ నమోదు ఐదేళ్లకే చెల్లుతుంది. అంతకన్నా లోపలివాటికి రాష్ట్ర నిబంధనలు, 2020 నాటి రాష్ట్ర ఆక్వా అభివృద్ధి సంస్థ చట్టం.

అథారిటీ మార్గదర్శకాల్లో పంచాయతీ గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి. ఐదు వందల లోపు జనాభా ఉన్న ఊరికి 100 మీటర్లు, అంతకు మించితే 300 మీటర్ల దూరం. తాగునీటి వనరుకు 100 మీటర్లు. పట్టణానికి 2 కిలోమీటర్లు. వ్యవసాయ భూమిని, మడ అడవిని చెరువుగా మార్చకూడదు. సహజంగా వాన నీరు పారే దారిలో చెరువు కట్టకూడదు. చేలకు, చెరువుకు మధ్య నేలను బట్టి 50 నుంచి 100 మీటర్ల ఖాళీ ఉండాలి. వనామీ రకం రొయ్య అయితే చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వేయకూడదు, విస్తీర్ణం ఎంత చిన్నదైనా వాడిన నీటిని శుద్ధి చేసే చెరువు ఉండాల్సిందే.

ఇవన్నీ కాగితం మీద బాగుంటాయి. నేల మీద ఎలా తప్పుతాయో చెప్పడమే మాకు ముఖ్యం. పది ఎకరాల పల్లంలో మధ్యన ఉన్న రెండెకరాల రైతు ముందు చెరువు తవ్వుతాడు. ఊట దిగి చుట్టూ ఉన్న చేలు చెడతాయి. ‘ఇక వరి పండదు’ అని వాళ్లూ తవ్వుతారు. ఆఖరున ఒప్పుకోని ఒకరిద్దరు సన్నకారు రైతులు మిగులుతారు. వాళ్ల భూమే మొదట పోతుంది, లీజుకు ఇవ్వడం తప్ప దారి ఉండదు. దీన్ని ఆపగలిగేది మొదటి చెరువు దగ్గరే. అందుకే చెరువుల జోన్ సరిహద్దు సర్వే నంబర్లతో సహా గ్రామసభ తీర్మానంలో ఉండాలి, దరఖాస్తు వచ్చాక ఆలోచించకూడదు. మట్టం మ్యాపులో డ్రెయిన్‌కు దిగువన, పోటు నీరు ఎటూ వచ్చే పర్రలే (ఉప్పు పల్లాలే) ఆ జోన్‌కు తగినవి. పంట కాలువ ఆయకట్టులో ఒక్క ఎకరం కూడా వద్దు.

ఉన్న చెరువు చుట్టూ ఊట బోదె తవ్వించండి. ఆ బోదె నీరు మురుగు డ్రెయిన్‌లోకి పోవాలి. చాలాచోట్ల పంట బోదెలో కలుపుతారు. అప్పుడు ఉప్పు నేరుగా చివరి ఆయకట్టుకు చేరుతుంది.

మాది తక్కువ ఉప్పు చెరువు, చేలకు నష్టం లేదంటున్నారు. నిజమేనా?

నిజం కాదు. వనామీని లీటరుకు 5 గ్రాముల ఉప్పులో పెంచితే ‘తక్కువ’ అంటారు. ఆ నీటి ఈసీ 8 నుంచి 9 డెసీసీమెన్లు. వరికి పెట్టే నీటిలో 2 దాటితేనే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. రొయ్యకు తక్కువైనది వరికి నాలుగు రెట్లు ఎక్కువ. ఒక ఈసీ మీటరు కొని పంచాయతీలో పెట్టండి. వాదన అక్కడితో ఆగిపోతుంది.

లీజు అయిపోయింది. చెరువును మళ్లీ చేను చేయగలమా?

చేయగలరు, ఒక్క ఏడాదిలో కాదు. చెరువు తవ్వినప్పుడు పైనున్న సారవంతమైన మట్టి గట్టు అడుగున పడిపోతుంది. గట్టు తోసేటప్పుడు పై మట్టి, లోపలి మట్టి గుర్తుపట్టి, కింది నుంచి తీసిన బంకమట్టి ముందు, మంచి మట్టి చివరన పరవాలి. జేసీబీ డ్రైవరుకు ఈ సంగతి చెప్పకపోతే తలకిందులవుతుంది. చెరువు అడుగున పేరుకున్న నల్ల బురదను ఎండబెట్టి పక్కకు తీసేయండి. మొదటి వానాకాలం ఉప్పు కడగడానికే. ఎకరానికి పదీ పన్నెండు కిలోల జీలుగ చల్లి, పూత దశలో, సుమారు 45–50 రోజులకు కలియదున్నండి. జీలుగ ఉప్పును బాగా తట్టుకుంటుంది. వరికి వచ్చేసరికి మచిలీపట్నం పరిశోధన స్థానం ఇచ్చిన ఎంసీఎం రకాలు ఈ నేలలకు అనువైనవి. ముంపు పల్లాలకు స్వర్ణ సబ్-1, ఎంటీయూ 1064 లాంటివి. లీజు రాసుకునే రోజే ‘గట్లు తోసి, చదును చేసి అప్పగించాలి’ అని రాయించుకుంటే ఖర్చు రైతు మీద పడదు.

బోరు నీరు ఉప్పెక్కింది. ఇంకా లోతుకు దించితే మంచినీరు పడుతుందా?

తీరంలో లోతుకు వెళ్లే కొద్దీ సాధారణంగా ఉప్పే. సముద్రపు నీటి మీద మంచినీరు తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టం కన్నా మంచినీరు ఒక్క అడుగు ఎత్తులో ఉంటే కింద దాదాపు నలభై అడుగుల మంచినీటి మందాన్ని అది మోస్తుంది. ఆ ఒక్క అడుగూ తోడేస్తే నలభై అడుగుల మేర ఉప్పు పైకి వచ్చేస్తుంది. అందుకే ఇసుక దిబ్బల మీద తక్కువ లోతు ఫిల్టరు పాయింట్లు మంచినీరిస్తాయి, వాటి పక్కనే వేసిన లోతైన బోరు వాటిని కూడా చెడగొడుతుంది.

ప్రణాళికలో ఇసుక దిబ్బలను మంచినీటి జోన్‌గా గీయండి. ఇసుక తవ్వకాలు, పెద్ద మోటార్లు, చెరువులు అక్కడ వద్దు. 2002 వాల్టా చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి గానీ బోరు గానీ వేయకూడదు. ఆ 250 మీటర్ల వృత్తాలు మ్యాపు మీద గీసి పెడితే తగాదా వచ్చిన రోజు వెతుక్కోనక్కర్లేదు.

వేసవికి మంచినీటి చెరువు ఎంత పెద్దది కావాలి?

కాలువలు కట్టేశాక తిరిగి నీళ్లొచ్చేదాకా 75 రోజులనుకోండి. ఐదు వేల జనాభాకు మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున రోజుకు 275 ఘనపు మీటర్లు, మొత్తం 20,625. చెరువు నీటి లోతు మూడు మీటర్లయితే అందులో అడుగున అర మీటరు తోడటానికి పనికిరాదు. ఎండకు ఆవిరై, నేలలోకి ఇంకి మరో 60 సెంటీమీటర్లు పోతుంది. మిగిలేది 1.9 మీటర్లు. అంటే నీటి విస్తీర్ణమే సుమారు 2 ఎకరాల 70 సెంట్లు కావాలి, గట్లు అదనం. చాలా ఊళ్లలో ఆవిరయ్యేది లెక్కలో వేయరు. మే మూడో వారంలో బురద నీళ్లు వచ్చేది అందుకే.

కాలువ తెరిచిన మొదటి వారం నీరు చెరువులోకి ఎక్కించొద్దు. నిల్వ ఉన్న డెక్క, చెత్త, పై ఊళ్ల మురుగు అంతా ఆ నీటిలోనే వస్తుంది.

ఇళ్ల స్థలాలకు పల్లం భూమి చౌకగా దొరుకుతోంది. పూడ్చి ఇవ్వొచ్చా?

ఎకరాన్ని మూడడుగులు పూడ్చాలంటే 1,30,680 ఘనపు అడుగుల మట్టి కావాలి. వంద అడుగులు పట్టే ట్రాక్టరు ట్రక్కుతో పదమూడు వందల తిప్పులు. ఆ మట్టి ఇంకో చోట గుంట పెట్టకుండా రాదు. అదీ కాక ఆ ఎకరంలో ఇదివరకు రెండడుగుల ముంపు నీరు నిలిచేదనుకుంటే, దాదాపు 25 లక్షల లీటర్లు ఇక పక్కవాళ్ల మీదికి పోతాయి. కాబట్టి చౌక అన్నది కాగితం మీదే.

పాత ఊరిని ఆనుకొని ఉన్న మెరక, గరువు భూములే ఇళ్లకు తగినవి. పునాది పైమట్టం పాత ముంపు గుర్తుగా కొట్టిన సున్నపు గీత మీద కనీసం అడుగున్నర ఉండేలా చూడండి. భవన నిబంధనల ప్రకారం 10 మీటర్ల వెడల్పు దాటిన కాలువ, డ్రెయిన్‌కు 9 మీటర్లు, చిన్నవాటికి 2 మీటర్లు వదలాలి. డ్రెయిన్‌లో జేసీబీ దిగి తిరిగే చోటు కూడా అదే. ఆ దారి మూసుకుపోతే ఇక పూడిక తీయడం కుదరదు. అముడా (అమలాపురం పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలోని ఊళ్లలో లేఔట్‌కు వాళ్ల సాంకేతిక ఆమోదం లేకుండా పంచాయతీ ముందుకు పోకూడదు.

వానాకాలంలో మరుగుదొడ్డి గుంతలు పొంగుతున్నాయి. ఎందుకు?

ఊట నేలకు మీటరు లోపే ఉంటుంది కాబట్టి. గుంత నిండేది లోపలి నుంచి కాదు, బయటి నుంచి. గుంతను నేల మట్టానికి పైకి లేపి కట్టి, చుట్టూ అర మీటరు మందాన ఇసుక పోసి, అడుగు మూసేయాలి. తాగునీటి పంపుకు కనీసం 10 మీటర్ల దూరం. పది సెంట్లలో పది ఇళ్లున్న కాలనీల్లో ఇది కుదరదు. అక్కడ అందరికీ కలిపి ఒకే ట్యాంకు, దాని నీటికి మెట్ట తామర లాంటి మొక్కల మడి మేలు.

చెత్త ఎక్కడ వేయాలి?

కాలువ గట్టు మీద మాత్రం కాదు. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెత్త పూడ్చే చోటుకు నదికి 100 మీటర్లు, చెరువు, ఇళ్లు, మంచినీటి బావులకు 200 మీటర్ల దూరం అడిగాయి. మట్టం మ్యాపు మీద ఈ వృత్తాలు గీస్తే చాలా డెల్టా ఊళ్లలో ఒక్క జాగా కూడా మిగలదు. అంటే పూడ్చడం అనే ఆలోచనే మానుకోవాలి. తడి చెత్త వర్మీ కంపోస్టుకు, పొడి చెత్త అమ్మకానికి, మిగిలిన కొద్దిపాటిది పక్క పంచాయతీలతో కలిసి మెరక మీద ఒకచోటికి.

తీర నియంత్రణ గీత మా పొలం మీదుగా పోతోందంటున్నారు. ఏం చేయగలం, ఏం చేయలేం?

సముద్రం పోటు గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల వరకు తీర నియంత్రణ ప్రాంతం. 2019 జనవరి 18 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో, 2011 జనగణన ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161కి మించి జనసాంద్రత ఉన్నచోట మొదటి 50 మీటర్లు, లేనిచోట 200 మీటర్లు నిర్మాణ నిషిద్ధం. పోటు వచ్చే క్రీకులకు 50 మీటర్లు లేదా క్రీకు వెడల్పు, ఏది తక్కువైతే అది. వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడ అడవికి 50 మీటర్ల రక్షణ పట్టీ. మీ ఊరికి ఆమోదం పొందిన తీర మ్యాపు ఏదో జిల్లా కార్యాలయంలో అడిగి, దాని గీతను ఎఫ్‌ఎంబీ మీదికి ఎక్కించండి. సెల్‌ఫోన్ మ్యాపు మీద కొలిచి అనుమతులు ఇవ్వొద్దు.

మడ, సరుగుడు ఏది నాటాలి?

పోటు నీరు రోజూ తడిపే బురదలో మడ, ఉప్పు పొన్న, తిల్ల. నీరు రాని ఇసుక మీద సరుగుడు. తారుమారైతే రెండూ చస్తాయి. మడ చచ్చిన చోట మొక్కలు నాటడం కన్నా ముందు, పోటు నీరు లోపలికి వచ్చి వెళ్లే పిల్ల కాలువలు తిరిగి తవ్వాలి. నీరు నిలిచి ఉప్పు గడ్డకట్టిన నేలలో ఏ మొక్కా బతకదు. దారి దొరికితే విత్తనాలు పోటుతో వాటంతట అవే వస్తాయి.

ఇదంతా ఎవరు ఆమోదిస్తారు, డబ్బు ఎక్కడిది?

మ్యాపు, సర్వే నంబర్ల జాబితా, ఒక పేజీ నియమాలు గ్రామసభలో పెట్టి తీర్మానం చేయండి. అక్టోబరు 2 నుంచి జరిగే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో దాన్ని చేర్చండి. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలపు నిధుల్లో అరవై శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టి ఇచ్చారు. మంచినీటి చెరువు, మురుగు కాలువ ఆ లెక్కలో వస్తాయి. పిల్ల డ్రెయిన్ల పూడిక ఉపాధి హామీలో పెట్టొచ్చు. మేజర్ డ్రెయిన్, మొగ, తలుపులు నీటిపారుదల శాఖవి. వాటికి మీ మట్టాల పట్టికతో అర్జీ ఇవ్వండి. ‘మా ఊరు మునుగుతోంది’ అన్న అర్జీ ఫైలులో పడుతుంది. ‘ఫలానా తూము అడుగు డ్రెయిన్ అడుగు కన్నా 40 సెంటీమీటర్లు పైన ఉంది’ అన్న అర్జీకి ఇంజనీరు వచ్చి చూడక తప్పదు.

ఆ సభకు కౌలు రైతులను, పల్లం కాలనీల ఆడవాళ్లను పేరుపేరునా పిలవండి. ముంపు నీటిలో నిలబడేది వాళ్లే. భూమి పట్టా ఉన్నవాళ్లు ఒక్కరే కూర్చుని గీసిన మ్యాపులో డ్రెయిన్లు సన్నబడతాయి.

మ్యాపు గీశాక ఏటా ఏం చూడాలి?

డ్రెయిన్ వంతెన స్తంభం మీద పది సెంటీమీటర్లకు ఒక గీత చొప్పున రంగు వేయండి. జూన్ నుంచి డిసెంబరు దాకా రోజూ ఉదయం, సాయంత్రం నీటి మట్టం నోటు పుస్తకంలో రాయాలి, పక్కన అప్పుడు పోటో ఆటో. ఈసీ మీటరుతో మే, నవంబరు నెలల్లో డ్రెయిన్, పంట బోదె చివర, మూడు పంపులు, మంచినీటి చెరువు కొలవాలి. మైక్రో సీమెన్లలో వచ్చిన అంకెను 0.64తో గుణిస్తే లీటరులో కరిగిన లవణాలు మిల్లీగ్రాముల్లో వస్తాయి. తాగునీటికి 500 లోపు మంచిది, వేరే దారి లేకపోతే 2,000 హద్దు. మీటరును కొలిచే ముందు ప్రతిసారీ 1,413 అంకె ఉన్న ప్రామాణిక ద్రావణంలో సరిచూసుకోండి, లేకపోతే రెండేళ్ల అంకెలు ఒకదానితో ఒకటి కలవవు. ఏ పంపులోనైనా మే అంకె నిరుటి కన్నా నాలుగో వంతు పెరిగితే, దాని చుట్టూ 250 మీటర్లలో కొత్తగా ఏ మోటారు వచ్చిందో, ఏ చెరువు తవ్వారో ఆ వారంలోనే నడిచి చూడండి.